కుముషాయ్ అక్క నోట రాని పేరు

మా హెర్బేరియంలో ఏ ఇనప బీరువా తెరిచినా, ఏ అరలోంచి ఏ కాగితం లాగినా, అందులోని ఎండు మొక్కను పట్టి ఉంచింది చాలా మటుకు కుముషాయ్ అక్క కుట్టిన దారమే. నలభై ఏళ్లుగా ఆవిడ పని అదే. కొండల్లోంచి వచ్చిన మొక్కను మందపాటి తెల్ల కాగితం మీద పరిచి, వేరు దగ్గర ఒక కుట్టు, కాడ దగ్గర ఒక కుట్టు, పువ్వు కింద ఎవరికీ కనిపించని కుట్టు ఇంకొకటి వేస్తుంది. ముడి ఎప్పుడూ కాగితం వెనకాలే. నేనోసారి సరదా పడి సూది పట్టుకుని ఒక అడవి గసగసాల పువ్వును పొడిపొడి చేశాను. "నీ చేతులు ఆ కంప్యూటర్‌కే తగినవి, వెళ్లి దాన్ని బాదుకో" అని ఆవిడ నా చేతిలోంచి సూది లాక్కుంది.

నిజమే, నా పని బాదడమే. నా పేరు జిపార్. ఆ కాగితాలన్నిటికీ ఫొటోలు తీసి, కింది మూలన అంటించిన చీటీల్లో ఉన్నది కంప్యూటర్లోకి ఎక్కిస్తాను. ఏ మొక్క, ఏ చోట దొరికింది, ఏ రోజు, ఎవరు కోశారు. పాత చీటీలన్నీ రష్యన్‌లో గొలుసుకట్టు రాతతో ఉంటాయి. కుముషాయ్ అక్క వాటిని చదవదు. చదవలేక కాదు. "చీటీ మనుషులు రాసింది, ఎంతవరకు నమ్మాలో నాకేం తెలుసు? నాకు మొక్కతో పని" అంటుంది. నాకేమో చీటీతో పని. ఆవిడ చీటీ చూడదు, నేను మొక్కను చూడను. ఇద్దరం ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర ఏళ్ల తరబడి ఇలాగే కూర్చున్నాం.

ఆవిడది కరా-తాష్ లోయ. పందొమ్మిదేళ్లకు ఒక గుర్రాల కాపరి ఇంటికి కోడలిగా వెళ్లింది. భర్త ఎర్మెక్ బావ లారీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. రాజధాని బిష్కెక్ వచ్చి నలభై ఏళ్లయినా అక్కలో పల్లెటూరి కోడలు అలాగే ఉంది. బావను పేరు పెట్టి పిలవదు, నాతో మాట్లాడేటప్పుడు "మీ బావ" అంటుంది. అత్తింటి పెద్దల పేర్లయితే పెదవి దాటనివ్వదు. ఆ పేర్లకు దగ్గరగా ఉన్న మాటలు కూడా పలకదు, వాటికి బదులు వేరే మాటలు కల్పించుకుంటుంది. టీవీలో తోడేలు కనిపిస్తే "అదుగో, ఊళ వేసేది" అనేది. నేను పట్నంలో పుట్టి పెరిగినదాన్ని, పైగా ముప్పై మూడేళ్లొచ్చినా పెళ్లి కానిదాన్ని. ఈ కట్టుబాట్ల లోతు నాకేం తెలుస్తుంది? ఆవిడకు తోడేలంటే భయం కాబోలు అనుకుని నవ్వుకున్నాను.

ఇక తులిప్‌ల సంగతి. ఆరేళ్ల కిందట, ప్రభుత్వ పచ్చిక భూముల్లో అడవి తులిప్‌లు ఎక్కడెక్కడ దొరికాయో మా కాగితాలు చూసి జాబితా ఇమ్మని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కరా-తాష్ లోయకు సంబంధించి మా దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఆధారం. 1979 ఏప్రిల్ 27న మా హెర్బేరియం శాస్త్రవేత్త వేరా పావ్లోవ్నా కోసిన తులిప్. చిటికెన వేలంత పొడవు, పసుపు రంగు, గొంతు దగ్గర సిరా ఒలికినట్టు ఊదా మచ్చ. అలాంటిది మా బీరువాల్లో మరొకటి లేదు. చీటీలో చోటు పేరు "ఉలుమా-సాయ్" అని ఉంది. అంటే ఊళ వేసే వాగు. అప్పుడు దాన్ని కంప్యూటర్‌కి ఎక్కించింది నేనే. ఏ పటంలోనూ ఆ పేరు గల వాగు కనిపించలేదు. అదే లోయలో ఈల వేసినట్టు గాలి హోరెత్తే కనుమ ఒకటుంది. ఊళ అంటే గాలి ఊళే అయ్యుంటుందని తేల్చేసి, మహా తెలివిగా ఆ కనుమ మీద చుక్క పెట్టేశాను.

ఆ చుక్కను నమ్మి కనుమ చుట్టూ కంచె వేశారు. ఐదు వసంతాలు వరుసగా మనుషులు వెళ్లి వెతికారు. జలుబులు తెచ్చుకున్నారు తప్ప తులిప్ తేలేదు. ఈ ఏప్రిల్‌లో కరా-తాష్ పచ్చిక భూమి మొత్తాన్ని రోడ్డు కంకర కోసం తవ్వుకోనివ్వాలని అర్జీ వచ్చింది. ఆ అర్జీ తేల్చాల్సిన కమిషన్ పెద్ద మామిర్‌కుల్ గారు మా కాగితం మీదికి వేలు చూపించారు. ఈ ఆధారం అనుమానాస్పదం, వేరా పావ్లోవ్నా వేరే ఎక్కడో కోసిన మొక్కను ఈ చీటీతో కలిపేసి ఉంటుంది, కొట్టేయండి అన్నారు. గురువారం మధ్యాహ్నం విచారణ. అది కొట్టేస్తే లోయ తవ్వకాలకు అడ్డే ఉండదు.

ఆ సంగతి నేను సోమవారం ఉదయం గదిలోకి వస్తూనే చెప్పాను. కుముషాయ్ అక్క దారం కొరకబోయి ఆగిపోయింది.

"ఎవరు కలిపేసిందన్నారు?"

"వేరా పావ్లోవ్నా."

"ఆవిడా? టీ గిన్నెలో చెంచా కూడా తారుమారు కానిచ్చేది కాదు ఆవిడ. ఆయన తలే కలగాపులగమై ఉంటుంది."

వేరా పావ్లోవ్నా పోయి పన్నెండేళ్లయింది. ఆవిడకు పిల్లల్లేరు. ఆవిడ గురించి మాట్లాడే నోరంటూ ఉంటే అది కుముషాయ్ అక్కదే. పట్నం వచ్చిన కొత్తలో, రష్యన్ ముక్క రాని పాతికేళ్ల మనిషిని, చేతి పనితనం ఒక్కటే చూసి పనిలో పెట్టింది ఆవిడేనట. ఆ రోజు అక్క, నూనెలో వేయించి రోజూ తెచ్చే బోర్సోక్ రొట్టెముక్కల డబ్బా మూత కూడా తీయలేదు. మధ్యాహ్నం దాకా చూసి నేనే అడిగాను.

"అక్కా, వేరా గారు మీ లోయకు వచ్చినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావుగా?"

"ఉన్నాను. మా ఇంట్లో రెండ్రోజులుంది. లోయంతా రెండు నెలలు తిరిగింది. ఎక్కడ ఏం కోసిందో నాకేం తెలుసు? ఆ కనుమ మా ఇంటికి గుర్రం మీద ఒక రోజు దారి, నేనెప్పుడూ అటు పోలేదు." కుర్చీ నా బల్ల వైపు లాక్కుని, "ఆ కాగితం తియ్యి, చూస్తాను" అంది.

తీశాను. నలభై ఐదేళ్లలో పసుపు కాస్తా ఎండుగడ్డి రంగుకు తిరిగినా గొంతులో ఊదా మచ్చ మటుకు అలాగే ఉంది. అది అక్క రాకముందు వేరెవరో జిగురుతో అంటించింది. ఆవిడ మొహం చిట్లించి, "ఎవరిదీ పని? పేడ పిడక అంటించినట్టు అంటించారు" అంది. ఆ కాగితం ఉంచిన సంచీలోనే మడత పెట్టిన పాత వార్తాపత్రిక ఇంకొకటి ఉంది. దాని మడతలో రెండో మొక్క. కోసిన నాటి నుంచి దాన్ని ఎవరూ కుట్టలేదు. మా దగ్గర అలాంటివి వేలల్లో ఉంటాయి, కోసినప్పుడు ఏ పేపర్లో నొక్కారో ఆ పేపర్లోనే పడి ఉంటాయి.

"ఇటివ్వు" అంది అక్క. "కొట్టేసేదే అయితే, కుట్టించుకునైనా పోనీ."

ఆవిడ మొక్కను చిన్న పట్టకారుతో పైకెత్తింది. నేను పేపర్ తీసి మడత పెట్టబోతే అంచున పెన్సిల్ రాత కనిపించింది. పోస్ట్‌మ్యాన్ ఏ ఇంటి పేపరో గుర్తుకు రాసుకునే పేరు. ఏది కనిపించినా పైకి చదవడం నా జబ్బు.

"బోరూబాయ్" అని చదివాను.

"ఏయ్, అలా అరవకు పెద్దాయన పేరు."

"ఏ పెద్దాయన?"

"ఇంకే పెద్దాయన? మా మామగారు." అనేసి, తన మాట తనకే అప్పుడు వినిపించినట్టు అక్క తలెత్తింది. "ఏదీ, ఆ పేపరు ఇటు చూపించు."

చూపించాను. ఆవిడ చదవలేదు, వేలితో ఆ అక్షరాలను తడిమింది. తర్వాత సూదికి దారం ఎక్కిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. వేరా పావ్లోవ్నా ఏరు దాటుతుంటే గుర్రం తూలి సంచి నీళ్లలో పడిందట. మొక్కలు నొక్కే కాగితాలన్నీ తడిసి ముద్దయిపోయాయి. మామగారు పీఠం కింద దాచుకున్న తన పేపర్ల కట్ట తీసి ఇచ్చేశాడు. అక్క దుంపతో సహా పీక్కొచ్చిన తులిప్‌ను వేరా పావ్లోవ్నా తీసుకుని, కాగితాల్లో నొక్కినా దుంప మొలకెత్తుతుందంటూ, పొయ్యి మీద మరుగుతున్న టీ కెటిల్లో ముంచేసింది. అత్తగారు వారం రోజుల పాటు ఆ కెటిల్లో టీ తాగలేదు.

"అయితే ఇది మా ఇంటి దగ్గరిదే" అంది అక్క. "కనుమకీ దీనికీ ఏం సంబంధం? చీటీలో ఏం రాసుందో చదువు."

"ఉలుమా-సాయ్. ఊళ వేసే వాగు."

కుముషాయ్ అక్క చేతిలోంచి సూది జారి బల్ల మీద పడింది. నలభై ఏళ్లలో ఆవిడ సూది జారడం చూసినవాళ్లెవరూ ఉండరు.

"ఆ పేరు నేను చెప్పాను" అంది.

నాకు అర్థం కాలేదు. "నువ్వు చెప్పావేంటి?"

"ఆవిడ టీ తాగుతూ వచ్చీరాని మన భాషలో అడిగింది, నువ్వీ పూలు కోసుకొచ్చిన వాగు పేరేంటమ్మాయ్ అని. మామగారు ఎదురుగా పెద్ద పీఠం మీద కూర్చునున్నారు. పెళ్లయి ఆర్నెల్లు. ఆయన ముందు ఆయన పేరున్న వాగు ఎలా చెప్పను? అందుకని ఊళ వేసేది అన్నాను. ఆవిడ రాసేసుకుంది."

మా కిర్గిజ్ భాషలో బోరూ అంటే తోడేలు. వాగు అసలు పేరు బోరూలూ-సాయ్. తోడేళ్ల వాగు. పటంలో పెద్ద అక్షరాలతో ఉంది. నేను ఆ పేరును ఆరేళ్లలో ఎన్నిసార్లు చూసి దాటిపోయానో. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కోడలు మామగారి పేరు పలకలేక ఒక పేరు కల్పించింది, నేను ఆ కల్పించిన పేరుకు గాలిని జత చేశాను, ప్రభుత్వం ఆ గాలి చుట్టూ కంచె వేసింది.

"అక్కా, అది అక్కడే ఉంది. మనం వేరే చోట వెతికాం, అంతే. వేరా గారు ఏదీ కలపలేదు."

"ఆవిడ ఎందుకు కలుపుతుంది? విన్నది విన్నట్టు రాసింది. అబద్ధం నాది." అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు అన్నం పెట్టిన మనిషి, పోయాక నా వల్ల మాట పడుతోంది."

నేను వెంటనే మామిర్‌కుల్ గారికి ఫోన్ చేశాను. ఆయన చెడ్డ మనిషి కాదు, కానీ కాగితం మీద ముద్ర లేకపోతే తన నీడను కూడా నమ్మడు. అంతా విని, "అమ్మాయ్, నలభై ఐదేళ్ల నాటి జ్ఞాపకం సాక్ష్యం కాదు. పేపర్ ఎక్కణ్ణుంచి ఎక్కడికైనా పోతుంది. ఈ వసంతంలో పూసిన పువ్వు తీసుకురండి. కోసిన మనిషి వచ్చి ఏ చోట కోసిందో కమిషన్ ముందు చెప్పాలి. గురువారం మధ్యాహ్నం లోపు" అన్నాడు.

నేను ఫోన్ పెట్టేసేసరికి అక్క ఎర్మెక్ బావకు ఫోన్ చేస్తోంది. "కారులో పెట్రోల్ పోయించి ఉంచండి. ఎందుకో తర్వాత చెప్తా. మీ ఊరే" అంది.

మంగళవారం తెల్లవారగానే బయల్దేరాం. బావ నివా కారు వయసు నా వయసంత ఉంటుంది. బావ నన్ను ఆటపట్టించే అవకాశం ఎప్పుడూ వదులుకోడు, మరదల్ని అయ్యాక తప్పదు.

"మరదలా, ఆరేళ్ల పాటు కొండ మీద గాలికి కంచె వేయించావంట. గాలి తప్పించుకుపోలేదుగా?"

"మీ ఆవిడను అడగండి బావా. కొత్త పేరు కనిపెట్టింది ఆవిడ."

"కనిపెట్టిందని నాకు అప్పుడే తెలుసు."

వెనక సీట్లో అక్క ఉలిక్కిపడింది. "తెలుసా? మీకెవరు చెప్పారు?"

బావ దారి మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు. "ఆ రోజు మా నాన్న పక్కనే ఉండి అంతా విన్నాడు, ఆ రష్యన్ అమ్మ తప్పు పేరు రాసుకుంటోందని ఆయనకు తెలుసు. ఆవిడ గుర్రమెక్కుతుంటే నేను వెళ్లి సరిచేయబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. కోడలు నన్ను గౌరవించి చెప్పిన మాటను పరాయి మనిషి ముందు నువ్వు దిద్దుతావా అన్నాడు. ఆ తర్వాత చనిపోయేదాకా ఆయన కూడా ఆ వాగును ఉలుమా-సాయ్ అనే అనేవాడు."

అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆవిడకు సంతోషంగా ఉందో, బరువు ఇంకా పెరిగిందో నాకు తెలియలేదు. నాకు మాత్రం ఎప్పుడూ చూడని ఆ ముసలాయన మీద ఒకేసారి ప్రేమా కోపమూ వచ్చాయి.

లోయలో ఏరు పొంగుతోంది. బావ తలుపు తెరిచి తొంగి చూస్తూ కారును నీళ్లలోకి దించాడు. నేను కళ్లు మూసుకున్నాను, కళ్లు తెరిచేసరికి అవతలి ఒడ్డున ఉన్నాం. తోడేళ్ల వాగు మొదట్లో ఎర్ర గుడ్డ కట్టిన కర్రలు వరుసగా పాతి ఉన్నాయి. కంకర వాళ్ల గుర్తులు. అప్పటికే కొలిచేసుకున్నారన్నమాట. అక్క ఆ కర్రల మధ్య నుంచి వంగకుండా, చూడకుండా నడిచిపోయింది.

మామగారి ఇల్లు పైకప్పు పోయి మొండి గోడగా మిగిలింది. అక్కణ్ణుంచి మొదలుపెట్టి ఎండ వాలు అంతా వెతికాం. రెండు గంటలు, మూడు గంటలు. గొర్రెలు మేసిన గడ్డి, కిందటేటి ముళ్లు, పెద్ద ఎర్ర తులిప్‌లు నాలుగు. అవి అన్ని చోట్లా ఉండేవే. నా కాళ్లు బూట్లలో తడిసి గడ్డకట్టాయి. బుధవారం మధ్యాహ్నానికల్లా తిరుగు ప్రయాణం కావాలి. పూలు ఈ ఏడు ఇంకా పూయలేదేమో, లేదా గొర్రెలు తినేశాయేమో అని నాలో నేనే గొణుక్కుంటున్నాను. బావ బండ మీద కూర్చుని ఎండబెట్టిన పెరుగు ఉండ, కుర్త్, ఒకటి నోట్లో వేసుకుని, నాకొకటి విసిరాడు.

"అక్కా, నువ్వు సరిగ్గా ఏ చోట కోశావు?" అడిగాను.

ఆవిడ మొండి గోడ దగ్గర, ఒకప్పుడు గుమ్మం ఉన్న చోట నిలబడింది. పక్కకు జారిన తల రుమాలు సర్దుకుంది. వాలు వైపు చూసింది. ఒక్కసారిగా నుదురు కొట్టుకుంది.

"ఎంత వెర్రిదాన్ని. ఇక్కడ వెతుకుతున్నానేంటి? ఇక్కడుంటే ఇంట్లోంచి కనిపించనూ?"

"కనిపిస్తే?"

"కొత్త కోడలు పిడకలు ఏరడానికి పంపితే పూలు కోసుకుంటూ కనిపిస్తే ఊరుకుంటారే? నేను పూలు కోసింది ఈ గుమ్మంలోంచి కనిపించని చోటే. మీ బావను అక్కడ నిలబెట్టు. ఆయనకు మనం కనిపించని చోటికి పోదాం పద."

బావ గుమ్మంలో నిలబడి, కొండను చూస్తూ పెద్ద గొంతుతో చెబుతున్నాడు. "కనిపిస్తున్నారు. ఇంకా కనిపిస్తున్నారు. మరదలి ఎర్ర టోపీ కనిపిస్తోంది." మేం వాలు దాటి, సూది ఆకుల అర్చా పొదలున్న నీడ మలుపు తిరిగాం. బావ గొంతు సన్నగా వినిపించింది. "ఇప్పుడు లేరు."

అక్కడ మంచు ఇంకా చారలు చారలుగా ఉంది. మంచు అంచు కరిగి నీళ్లు కారుతున్న నల్ల మట్టిలో, ఆకులు నేలకు అంటుకుని, చిటికెన వేలంత ఎత్తున పసుపు పూలు. ఒకటి కాదు, రెండు కాదు. నేను మోకాళ్ల మీద కూలబడి ఒక పువ్వులోకి తొంగి చూశాను. గొంతులో ఊదా మచ్చ. ఆరేళ్లుగా చీటీ మీద అక్షరాలుగా తెలిసింది ఇప్పుడు గాలికి ఊగుతోంది. నేను బావా బావా అని కేకలు పెడుతూ లెక్కపెడుతున్నాను, లెక్క తప్పుతున్నాను, మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతున్నాను. నలభై ఒకటి.

కుముషాయ్ అక్క మంచు మీదే కూర్చుండిపోయి, నవ్వుతూ, రుమాలు కొసతో కళ్లు ఒత్తుకుంటోంది. "చూశావా వేరా పావ్లోవ్నా" అంది, ఎదురుగా ఎవరో ఉన్నట్టు. "ఎక్కడికీ పోలేదు."

దుంపలు తవ్వలేదు. రెండు పూలు, ఒక్కో ఆకుతో కత్తిరించాం. ఫొటోలు తీశాం. నొక్కడానికి బావ కారులోంచి తన పేపర్ తెచ్చాడు. అందులో ఫుట్‌బాల్ పేజీ ఇంకా చదవలేదని సణుగుతూనే ఇచ్చాడు. నేను చీటీ తీసి కోసిన వారి పేరు దగ్గర ఆగాను.

"నీ పేరే రాసుకో. నువ్వు చదువుకున్నదానివి" అంది అక్క.

"కోసింది నువ్వు. కనిపెట్టింది నువ్వు. నలభై ఏళ్లుగా ఎవరెవరో కోసినవన్నీ కుట్టావు, ఒక్క చీటీ మీదైనా నీ పేరుండాలి."

ఆవిడ అడ్డు చెప్పలేదు. నేను ఆవిడ పేరు రాశాను. చోటు దగ్గర పెన్ను పెట్టబోతే ఆవిడ తల పక్కకు తిప్పుకుంది, నేను రాసేదాకా ఇటు చూడలేదు.

గురువారం పదకొండున్నరకు కమిషన్ గదిలో ఉన్నాం. అక్క ఉన్ని కోటు వేసుకుని, ఉతికిన తెల్ల రుమాలు కట్టుకుని వచ్చింది. మామిర్‌కుల్ గారు పువ్వును భూతద్దంతో చూశాడు. పాత కాగితం పక్కన పెట్టి మళ్లీ చూశాడు. వార్తాపత్రిక అంచు చూశాడు. ఆయన కనుబొమలు కొద్దిగా పైకి లేచాయి.

"మొక్క అదే" అన్నాడు. "కోసిన మనిషి మీరేనా? చోటు పేరు చెప్పండి, నమోదు చేసుకుంటారు."

అక్క లేచి నిలబడింది. నోరు తెరిచింది. మాట రాలేదు. గదిలో పదిమంది ఉన్నారు. టైపు చేసే అమ్మాయి వేళ్లు మీటల మీద పెట్టి ఎదురుచూస్తోంది.

నేను ఆగలేక, "మామగారి పేరండీ, ఆవిడ పలకకూడదు" అని గొణిగాను. మామిర్‌కుల్ గారు కూడా ఒక తల్లి బిడ్డే. ఆయన గొంతు ఒక్కసారిగా మెత్తబడింది.

"అక్కా, ఇబ్బంది పడకండి. చీటీ మీద రాసే ఉందిగా, అది చాలు. కూర్చోండి."

కుముషాయ్ అక్క కూర్చోలేదు.

"రాసింది చాలనే కదా అందరూ అనుకున్నారు. రాసినావిడ అబద్ధాలకోరైంది" అంది. "నేను నోటితో చెప్పిన తప్పు నోటితోనే దిద్దాలి." వెనక వరుసలో కూర్చున్న బావ వైపు ఒకసారి చూసింది. బావ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆవిడ తల వంచి, కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని, "మామగారూ, క్షమించండి" అని, ఆ తర్వాత స్పష్టంగా, గదంతా వినపడేలా చెప్పింది. "బోరూలూ-సాయ్."

టైపు చేసే అమ్మాయి మీటలు టకటకలాడాయి. అంత చిన్న చప్పుడు. బావ మొహం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు, ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం చీటీ మీది అనుమానం మాట కొట్టేశారు. తోడేళ్ల వాగు దగ్గర ఎర్ర గుడ్డల కర్రలు తీసేయమని ఉత్తర్వు రాశారు. నేను నా చుక్కను కనుమ మీంచి తీసి వాగు మీద పెట్టాను. వేరా పావ్లోవ్నా రాసిన పేరు చెరపలేదు. "ఇంటి కోడలు చెప్పిన పేరు" అని పక్కనే ఒక ముక్క చేర్చాను.

రెండు వారాల తర్వాత కొత్త పువ్వు ఎండి కుట్టుకు వచ్చింది. కుముషాయ్ అక్క దాన్ని కాగితం మీద పరిచింది. ఆకు దగ్గర ఒకటి, కాడ దగ్గర ఒకటి, పువ్వు కింద కనిపించనిది ఒకటి. ముడి వెనక్కి వేసి, దారం తెంపి, నలభై ఏళ్లలో మొదటిసారి కాగితాన్ని చీటీ వైపు తిప్పి నా ముందుకు జరిపింది.

"చదువు, విందాం" అంది. నేను గొంతు సవరించుకుంటుంటే నా మోచేతి మీద చెయ్యి వేసింది. "ఆ ఒక్క మాట దగ్గర మాత్రం కాస్త నెమ్మదిగా."